చెన్నై బళ్లలో కొత్తగా చేరే సిబ్బందికి పిల్లల రక్షణ శిక్షణ: మొదటి రోజు ఏం నేర్పాలి?

నల్లబల్ల (అన్నానగర్)

జూన్‌లో బడి తెరిచేసరికి 23 మంది కొత్తవాళ్లు చేరుతున్నారు. టీచర్లు 11 మంది, ఆయమ్మలు నలుగురు, వ్యాన్‌లో పిల్లల్ని ఎక్కించి దించేవాళ్లు ముగ్గురు, ఆటలు నేర్పే పీఈటీలు ఇద్దరు, లైబ్రేరియన్ ఒకరు, ఏజెన్సీ నుంచి వచ్చే వాచ్‌మన్లు ఇద్దరు. పిల్లల రక్షణ శిక్షణకి మేనేజ్‌మెంట్ ఒక పూట ఇచ్చింది. ఇప్పటికి రాసుకున్న ప్లాన్: గంటసేపు పోక్సో చట్టం (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) మీద స్లైడ్లు, అరగంట బడి నియమాలు, అరగంట ప్రశ్నలు, చివర్లో సంతకాలు.

ఆయమ్మల్లో ఇద్దరికి చదవడం రాదు. సిబ్బందిలో సగం మందికి ఇంట్లో తెలుగు, బయట తమిళం. పిల్లల్లోనూ తెలుగు ఇళ్లవాళ్లు బాగానే ఉన్నారు. ఇందులో ఏం తీసేయాలి, ఏం కలపాలి? వివరంగా చెప్పండి.

వేపచెట్టు నీడ (పెరంబూర్)

నల్లబల్ల గారూ, ఆ పూటలో ఏం చెబుతారన్నదాని కంటే ముందు, ఆ పూట ఎప్పుడన్నది తేల్చుకోండి. బడి తెరిచాక రెండో శనివారమో మూడో శనివారమో చూసి పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అన్నాళ్లూ కొత్త మనిషి ఏ నియమమూ తెలియకుండా పిల్లల మధ్య తిరుగుతారు. పిల్లల ముఖం చూడకముందే మొదటి విడత అయిపోవాలి. శిక్షణ కాని మనిషికి ఐడీ కార్డు ఇవ్వకండి. ఈ ఒక్క కట్టుబాటు పెడితే మిగతావన్నీ దారిలో పడతాయి.

గంటసేపు స్లైడ్లు మాత్రం తీసేయండి. అవి చూసి బయటికొచ్చినవాళ్లకి శిక్షలు గుర్తుంటాయి కానీ, ఎవరికి ఫోన్ చేయాలో గుర్తుండదు. "రేపు ఒక పాప వచ్చి నీతో చెప్పుకుంటే ఆ గంటలో నువ్వేం చేస్తావు?" శిక్షణంతా ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి.

మొదటి విడతకి 90 నిమిషాలు పెట్టుకోండి. చట్టం 15, పిల్లల్లో కనిపించే మార్పులు 20, పిల్ల చెప్పినప్పుడు ఎలా వినాలో జతలుగా సాధన 30, బడి ప్రవర్తన నియమాలు 15, ఎవరికి చెప్పాలో ఫోన్ నంబర్లతో 10. రెండు వారాలయ్యాక 45 నిమిషాలు. అప్పటికి వాళ్లకి అసలైన సందేహాలు పుట్టి ఉంటాయి, వాటితోనే ఆ విడత నడుస్తుంది. మూడు నెలలకి అరగంట, అది మర్చిపోయినవి పట్టుకోవడానికి.

23 మందినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి, సాధన జరగదు. పన్నెండుకి మించకుండా రెండు జట్లు చేయండి. హోదాని బట్టి కాదు, భాషని బట్టి. తెలుగు-తమిళం ఒక జట్టు, ఇంగ్లీషు-తమిళం ఒక జట్టు. అయితే టీచర్ల ఎదుట ఆయమ్మలు నోరు విప్పరు. అందుకని సాధనలో ఆయమ్మకి ఆయమ్మనే జత చేయండి.

వాచ్‌మన్ల ఏజెన్సీ "మావాళ్లకి మేం ట్రైనింగ్ ఇచ్చాం" అని కాగితం పంపుతుంది. దాన్ని ఫైల్లో పెట్టుకోండి, ఆ ఇద్దర్నీ మాత్రం మీ జట్టులో కూర్చోబెట్టండి. మీ బడి గేటు దగ్గర ఎవరిని ఆపాలో ఏజెన్సీకి తెలియదు.

సెక్షన్ పంతొమ్మిది (ఎగ్మూరు)

ఆ 15 నిమిషాల్లో చట్టం గురించి ఏం చెప్పాలో రాస్తున్నాను.

పోక్సో చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ దాని దృష్టిలో పిల్లలే, ఆడపిల్లయినా మగపిల్లాడయినా. మగపిల్లల సంగతి విడిగా నొక్కి చెప్పాలి. చెప్పకపోతే వినేవాళ్లు ఆడపిల్లల గురించే అనుకుంటారు.

సెక్షన్ 19: నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని అనుమానం కలిగినా ఆ సంగతి పోలీసులకి లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి చెప్పి తీరాలి. ఈ బాధ్యత తెలిసిన ప్రతి మనిషిదీ. "ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పాను" అంటే బడి నియమం పాటించినట్టే కానీ, చట్టం పాటించినట్టు కాదు. ప్రిన్సిపాల్ ఫోన్ చేశారని రూఢి చేసుకోవాలి, లేదంటే తనే చేయాలి. సెక్షన్ 21 కింద, చెప్పనివాళ్లకి ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. 2022లో మహారాష్ట్రలోని ఒక బడి హాస్టల్ కేసులో, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనని సుప్రీంకోర్టు స్పష్టంగా అన్నది.

మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ ఉండదు. అది 19(7). ఆయమ్మలకీ వ్యాన్ సిబ్బందికీ ఉండే భయం ఇదే కాబట్టి, దీన్ని రెండుసార్లు చెప్పండి.

సెక్షన్ 23 పిల్ల ఎవరో తెలిసే వివరాలు మీడియాలో బయటపెట్టకూడదంటుంది. పేరే కాదు, ఫొటో, ఇంటి చిరునామా, కుటుంబం, బడి పేరు, ఇరుగుపొరుగు కూడా. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకూడదని చెప్పేటప్పుడు దీన్ని ఉదాహరణగా చూపండి.

ఇంకొకటి. బడి సిబ్బందే ఆ నేరం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. 5(ఎఫ్), 9(ఎఫ్) అందుకే ఉన్నాయి.

ఏ స్టేషన్ పరిధి అని వెతుక్కుంటూ కూర్చోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. చెన్నైలో దగ్గర్లోని మహిళా పోలీస్ స్టేషన్ నంబరు కార్డు మీద అచ్చు వేయించండి. దాని పక్కనే పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర నంబరు 112, తమిళనాడు పాఠశాల విద్యాశాఖ నడిపే హెల్ప్‌లైన్ 14417.

మైలాపూర్ మేనేజర్

సెక్షన్ పంతొమ్మిది గారూ, చట్టం సరే. కానీ ప్రతి మాటకీ వెంటనే పోలీసు అంటే ఒక టీచర్ జీవితం పోవచ్చు. ముందు బడిలోనే ఇద్దరు పెద్దలు కూర్చుని నిజమో కాదో చూసుకుని, నిజమనిపిస్తే అప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్లడం న్యాయం కాదా? స్టాఫ్ మీద ఫిర్యాదులకి మా దగ్గర అంతర్గత కమిటీ ఉంది. దాన్ని వాడుకోకూడదా?

సెక్షన్ పంతొమ్మిది (ఎగ్మూరు)

మేనేజర్ గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది. రెండు సంగతులు విడివిడిగా చూద్దాం.

అంతర్గత కమిటీ 2013 చట్టం కింద వచ్చింది. అది పనిచేసేచోట ఆడవాళ్లకి ఎదురయ్యే వేధింపుల కోసం. పిల్లల మీద జరిగిన నేరాన్ని తేల్చే పని దానిది కాదు. దాని విచారణకి 90 రోజుల గడువుంది. పిల్లల విషయంలో పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకీ తెలియజేయాలి. ఈ రెండింటినీ కలిపేయడం చెన్నై బళ్లలో తరచూ జరిగే పొరపాటు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి బడిలో విద్యార్థుల రక్షణ సలహా సంఘం ఉండాలని చెప్పింది. ఆ సంఘం పని కూడా పోలీసులకి బదులు విచారణ చేయడం కాదు.

ఇక "ముందు మనం చూద్దాం" అన్న సంగతి. ఇద్దరు పెద్దలు పిల్లని కూర్చోబెట్టి అడుగుతారు. ప్రిన్సిపాల్ మళ్లీ అడుగుతారు. తర్వాత ఆ టీచర్ని పిలిచి ఎదురెదురుగా నిలబెడతారు. నాలుగోసారికి పిల్ల మాట మార్చేస్తుంది, లేదా ఏమీ జరగలేదంటుంది. కోర్టులో ఆ మాట మార్పే ఎదుటివైపు లాయర్‌కి ఆయుధం. టీచర్ నిర్దోషి అయినా నష్టమే. బడి చేసిన విచారణ వల్ల చెడిపోయిన సాక్ష్యంతో ఆయన కూడా తన నిర్దోషిత్వం నిరూపించుకోలేడు. నిజం తేల్చే పని పోలీసులదీ కోర్టుదీ. చట్టం మిమ్మల్ని అడిగేది అనుమానం కలిగిందా లేదా అన్నంతవరకే.

బడి చేయాల్సింది, చేయగలిగింది ఒకటుంది. ఆ టీచర్ని ఆ రోజు నుంచే పిల్లలకి దూరంగా ఉంచడం. నియామక పత్రంలోనే "విచారణ జరిగే కాలంలో జీతంతో సెలవు, ఇది శిక్ష కాదు" అని రాసి ఉంటే గొడవ ఉండదు. దాన్ని శిక్షణలో అందరికీ చదివి వినిపించండి. ఒకర్ని పరువు తీయాలనో డబ్బు గుంజాలనో కావాలని అబద్ధపు ఫిర్యాదు ఇస్తే దానికి సెక్షన్ 22 ఉంది. పిల్లల మీద మాత్రం అది పనిచేయదు.

పలకాబలపం (టి.నగర్)

నల్లబల్ల గారు తెలుగు పిల్లల మాట ఎత్తారు కాబట్టి ఆ 30 నిమిషాల సాధన గురించి రాస్తాను. శిక్షణలో అసలు కష్టం అక్కడే ఉంది. ఇంగ్లీషు మాన్యువల్ చదివినవాళ్లు కూడా తెలుగులో నోరు తెరవగానే తప్పులు మాట్లాడతారు.

పిల్ల చెప్పడం మొదలుపెట్టగానే మన నోటికి వచ్చే మాటలు: "అయ్యో, నిజంగానా?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?", "నువ్వక్కడికి ఎందుకెళ్లావు?", "ఎవరికీ చెప్పన్లే, ఒట్టు." నాలుగూ చెడగొట్టేవే. మొదటిది నమ్మనట్టు, రెండోదీ మూడోదీ తప్పు పిల్లదే అన్నట్టు ఉంటాయి. నాలుగోది నిలబెట్టుకోలేని మాట. వాటి బదులు ఇవి నోటికి అలవాటు చేయించండి: "నాతో చెప్పి మంచి పని చేశావు." "ఇందులో నీ తప్పేం లేదు." "ఆ తర్వాత?" "నిన్ను కాపాడటానికి ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతాను, ఇంకెవరికీ చెప్పను." ఆ తర్వాత ఊరుకోవాలి. మౌనం భరించడమే అన్నింటికంటే కష్టమైన సాధన. జతలో ఒకరు పిల్లలా పది సెకన్లు ఆగి మాట్లాడితే, రెండోవాళ్లు ఆ పది సెకన్లూ ఏమీ అనకుండా ఉండాలి. మొదటిసారి ఎవరికీ చేతకాదు. మూడోసారికి వస్తుంది.

చుట్టరికపు పిలుపుల దగ్గర జాగ్రత్త. మన పిల్లలకి వ్యాన్ డ్రైవర్ అన్నయ్య, పక్కింటాయన మామయ్య, వాచ్‌మన్ తాత. పాప "మామయ్య" అనగానే వినేవాళ్లు అమ్మ తమ్ముడనుకుని రాసేస్తారు, కేసు వేరే ఇంటికి తిరుగుతుంది. "మామయ్యేనా, వాళ్లింట్లోనా?" అని మనమే జవాబు అందించకూడదు. "ఏ మామయ్య?" అని ఒక్కసారి అడిగి ఆగాలి.

"నిన్న" అన్న మాట కూడా అంతే. ఐదారేళ్ల పిల్లలు జరిగిపోయిన ఏ రోజునైనా నిన్న అంటారు. తేదీ కోసం గుచ్చి గుచ్చి అడగొద్దు. "టిఫిన్ తిన్నాక", "డ్రాయింగ్ పీరియడ్ అప్పుడు" అని వాళ్లే చెబితే అలాగే రాసుకోండి.

బడిలో నేర్పిన పాఠం వల్ల పిల్లలు "బ్యాడ్ టచ్ చేశాడు" అంటారు. అది పాఠం మాట. ఏం జరిగిందో అందులో లేదు. "అంటే ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమ్మా" అన్నంతవరకు చాలు. శరీర భాగానికి ఇంట్లో వాడే మాట, "షేమ్ షేమ్" అన్నా ఇంకేదన్నా, అదే మాట కాగితం మీదికి రావాలి. దాన్ని సంస్కృతంలోకో వైద్య భాషలోకో మార్చారా, ఆ మాట పిల్లది కాకుండా పోతుంది. "పట్టుకున్నాడు" అంటే "పట్టుకున్నాడు" అనే రాయాలి. "లాగాడు" అని కాదు.

రాయడం ఆ గంటలోపే. తేదీ, సమయం, చోటు, అక్కడున్నవాళ్లు, పిల్ల అన్న మాటలు కొటేషన్ గుర్తుల్లో, మీరు అడిగిన మాటలు కూడా. ఏడ్చిందా, కడుపు పట్టుకుందా అన్నది కంటికి కనిపించినట్టు రాయండి. "భయపడినట్టుంది" అన్నది మీ అభిప్రాయం, అది వద్దు. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన పొడి సంతకం, వైట్నర్ వద్దు. తెలుగులో చెబితే తెలుగులోనే రాయండి. తమిళంలోకో ఇంగ్లీషులోకో అనువాదం వేరే కాగితం మీద, అనువదించిన మనిషి పేరుతో ఉండాలి. పోలీసులు తమిళంలో నమోదు చేస్తారు. పిల్లకి ఆ భాష అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాలని సెక్షన్ 19(4) చెబుతుంది. ఆ సంగతి బడివాళ్లు గుర్తుచేసి అడగాలి. మన ఊరి స్టేషన్‌లో పాప తెలుగు తప్ప మాట్లాడదని ఎవరికీ తట్టకపోవచ్చు.

చూలైమేడు ఆఫీసు

మరి రాయడం రాని ఆయమ్మ దగ్గర చెబితే? చిన్న పిల్లలు ఎక్కువగా చెప్పుకునేది ఆయమ్మలతోనే కదా. ఫోన్‌లో పిల్ల మాటలు రికార్డ్ చేయమందామా?

పలకాబలపం (టి.నగర్)

ఫోన్ రికార్డింగ్ వద్దే వద్దు. ఆ వీడియో ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది, తర్వాత ఎవరూ ఆపలేరు. పిల్ల కూడా కెమెరా చూసి మూగబోతుంది.

ఆయమ్మ ఆ పిల్లని ఇంకొక నమ్మకమైన టీచర్ దగ్గర కూర్చోబెట్టి నేరుగా రక్షణ బాధ్యురాలి (బడిలో పిల్లల రక్షణ సంగతులు చూసే మనిషి) గదికి రావాలి. దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. బాధ్యురాలు ఆయమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు: "ఆయమ్మ సరిగ్గా వినిందో లేదో" అని బాధ్యురాలు వెళ్లి పిల్లని మళ్లీ అడుగుతారు. అడగొద్దు. పిల్ల మొదట ఎవరితో చెప్పిందో ఆ మనిషే తొలి సాక్షి, అది ఆయమ్మ అయినా సరే.

ఇందుకోసం ఆయమ్మలకి విడిగా ఒక సాధన పెట్టండి. విన్న నాలుగు వాక్యాలని ఐదు నిమిషాల తర్వాత అదే వరసలో, అవే మాటల్లో ఒప్పజెప్పడం. వాళ్లు దీన్ని టీచర్ల కంటే బాగా చేస్తారు, ఎందుకంటే వాళ్లకి రాసుకునే అలవాటు లేదు.

వేపచెట్టు నీడ (పెరంబూర్)

మొదటి గంట తర్వాతి సంగతి. పిల్లని ఎవరు ముట్టుకున్నారో తెలియకుండా అమ్మానాన్నలకి ఫోన్ చేయకండి. నేరం ఇంట్లోనే జరుగుతుంటే ఆ ఫోనే పిల్లకి ముప్పు తెస్తుంది. ఇంట్లోవాళ్ల మీద మాట వస్తే ముందు పోలీసులు లేదా 1098. వాళ్లతో మాట్లాడాకే ఇంటికి ఎవరు ఫోన్ చేయాలో తేల్చుకోండి. సాయంత్రం వ్యాన్ ఎక్కించేయడం మాత్రం జరగకూడదు.

ఈమధ్యే జరిగిందని పిల్ల చెబితే బడిలో ఒళ్లు కడిగించొద్దు, బట్టలు మార్పించొద్దు. ఎఫ్‌ఐఆర్ పడకపోయినా వైద్య పరీక్ష జరపొచ్చని సెక్షన్ 27 చెబుతుంది. ఆడపిల్లకి డాక్టర్ మహిళే అయి ఉండాలి, పిల్ల నమ్మే మనిషి పక్కనుండాలి. ప్రైవేటు ఆస్పత్రి కూడా బాధితులకి ఉచితంగా, వెంటనే వైద్యం చేయాల్సిందే. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. శుక్రవారం సాయంత్రం తెలిసిన సంగతిని "సోమవారం చూద్దాం" అని వదిలేస్తే ఆ గడువు దాటిపోవచ్చు. ఈ వాక్యం శిక్షణలో ఇలాగే చెప్పండి.

తల్లి చేతులు జోడించి "పేరు పోతుంది, వద్దండీ" అంటే ఏం చేయాలని మీ సిబ్బంది తప్పకుండా అడుగుతారు. అమ్మ ఒప్పుకోకపోయినా చెప్పే బాధ్యత పోదు. కానీ చట్టం చదివి వినిపిస్తే ఆ తల్లి ఇంకా బెదిరిపోతుంది. పక్కన కూర్చుని ఏం జరుగుతుందో చెప్పండి. పిల్ల స్టేషన్‌కి వెళ్లక్కర్లేదు. ఇంట్లోనో తను కోరుకున్న చోటో మాట్లాడొచ్చు. వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకి తగ్గని మహిళా పోలీసు, యూనిఫాం లేకుండా వస్తారు. పేరు బయటికి రాదు. ఉచితంగా లాయర్ దొరుకుతారు. తోడుగా ఉండే సహాయకుల్ని బాలల సంక్షేమ సమితి ఇవ్వగలదు. ఈ మాటలన్నీ తెలుగులో, తమిళంలో ఒక కాగితం మీద సిద్ధంగా పెట్టుకోండి.

గంటకొట్టే చోటు (ఆవడి)

ప్రవర్తన నియమాల 15 నిమిషాలు చాలవని నా అభిప్రాయం. 25 చేయండి. పిల్లల్ని "గౌరవంగా చూడాలి" లాంటి వాక్యాలు రాసి సంతకం పెట్టించుకుంటే ఏమీ తేలదు. ఏ చోట, ఏ పని, ఎలా అన్నది రాయాలి.

మరుగుదొడ్డి: కేజీ పిల్లలకి ఆయమ్మే కడగాలి, తప్పదు. బయటి తలుపు తెరిచే ఉండాలి, రెండో మనిషికి వినపడేంత దూరంలో పని జరగాలి. "ఇప్పుడు కడుగుతున్నాను నాన్నా" అని పిల్లకి చెప్పి చేయాలి. చేతనైన పని పిల్ల చేతే చేయించాలి. బట్టలు మార్చితే రిజిస్టర్‌లో సమయం, కారణం, ఇద్దరి పొడి సంతకాలు. పెద్ద పిల్లల మరుగుదొడ్లు కడిగే పని పిల్లలు బడిలో లేని వేళల్లోనే. వైకల్యం ఉన్న పిల్లలకి ఎవరు, ఎలా సాయం చేయాలో ఇంటివాళ్లతో కలిసి ముందే రాసి పెట్టుకోవాలి. ఏ రోజు ఎవరు దొరికితే వాళ్లు అన్న పద్ధతి ఉండకూడదు.

వ్యాన్: తమిళనాడు 2012 స్కూల్ బస్సు నియమాల ప్రకారం సహాయకులు ఉండాలి. అసలు చిక్కు చివరి స్టాపు దగ్గర వస్తుంది. ఆఖర్న దిగే పిల్ల, డ్రైవర్, సహాయకుడు తప్ప వ్యాన్‌లో ఇంకెవరూ ఉండరు. సహాయకుడు ముందే దిగిపోయి ఇంటికి వెళ్లే అలవాటు ఉంటే పిల్ల ఒంటరిదే. ఆఖరి పిల్ల దిగాకే సహాయకుడు దిగాలి, దిగిన సమయం బడికి మెసేజ్ చేయాలి. డ్రైవర్ సీటు పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకూడదు.

పీఈటీ: నడుము పట్టి వంచడం, కాలు సరిచేయడం తప్పనిసరైతే ముందు చూపించాలి, తర్వాత మాటతో చెప్పాలి, అప్పటికీ కాకపోతే అడిగి ముట్టుకోవాలి. స్టాప్‌వాచ్, విజిల్ తెచ్చిపెట్టమని ఒక్క పిల్లనే స్పోర్ట్స్ గదికి పంపకూడదు.

ఫోన్: సొంత ఫోన్‌లో పిల్లల ఫొటోలు వద్దు. బడి కెమెరా ఉంది. పిల్లలతో విడిగా వాట్సాప్ వద్దు, క్లాసు గ్రూపులో ఇద్దరు పెద్దలు ఉండాలి. బండి మీద ఇంటి దగ్గర దింపడం, ఒక్క పిల్లకే కానుకలు, అదే బడి పిల్లలకి తన ఇంట్లో ట్యూషన్: ఈ మూడింటికీ రాతపూర్వక అనుమతి లేకుండా "వద్దు".

కొట్టడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, తరగతి ముందు కులం పేరుతోనో ఫీజు బాకీతోనో అవమానించడం: వీటికి చర్చ లేదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది.

చూలైమేడు ఆఫీసు

పోలీస్ వెరిఫికేషన్ గురించి ఎవరూ రాయలేదు. ఆధార్ కాపీ ఉంటే చాలదా?

సెక్షన్ పంతొమ్మిది (ఎగ్మూరు)

చాలదు. 2020 పోక్సో నియమాల్లో మూడో నియమం సూటిగా చెప్పింది: పిల్లలతో మసలే ప్రతి ఉద్యోగికీ, టీచరైనా కాకపోయినా, కాంట్రాక్టయినా, కొంతకాలానికొకసారి పోలీస్ వెరిఫికేషన్, నేపథ్య పరిశీలన జరగాలి. శిక్షణ కూడా అదే నియమంలో ఉంది. తమిళనాడు పోలీసుల వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో అడగొచ్చు.

మనవాళ్ల విషయంలో ఒక ఖాళీ మిగిలిపోతుంది. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి నిరుడు వచ్చిన మనిషికి చెన్నై చిరునామా మీద వెరిఫికేషన్ చేయిస్తే అది శుభ్రంగానే వస్తుంది. అంతకుముందు ఉన్న ఊరి పోలీసుల నుంచి కూడా సర్టిఫికెట్ అడగండి. గత ఐదేళ్లలో ఉన్న ప్రతి చిరునామా దరఖాస్తులోనే రాయించండి. లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018 నుంచి ఉన్నా, దాన్ని చూసే వీలు పోలీసులకే ఉంది, బడికి లేదు.

ఇంకా ముఖ్యమైనది పాత బడికి ఫోన్. వెరిఫికేషన్‌లో కేసు అయినవే కనిపిస్తాయి. కేసు కాకుండా రాజీనామా చేయించి పంపేసినవి కనిపించవు. అభ్యర్థి ఇచ్చిన మొబైల్ నంబర్‌కి కాదు, ఆ బడి ల్యాండ్‌లైన్ మీరే వెతికి చేయండి. ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "ఈ మనిషిని పిల్లలతో పనిచేయడానికి మళ్లీ తీసుకుంటారా?" జవాబు కంటే ముందొచ్చే తడబాటుని కూడా తేదీతో సహా రాసుకోండి.

మైలాపూర్ మేనేజర్

మీ వివరణకి ధన్యవాదాలు. జీతంతో సెలవు క్లాజు నియామక పత్రంలో పెట్టిస్తున్నాను. ఇంకో సందేహం. ఇద్దరు పిల్లల మధ్యే జరిగితే? రెండో తరగతి పిల్లల మీదికి కూడా పోలీసులనా?

వేపచెట్టు నీడ (పెరంబూర్)

ఏడేళ్లలోపు పిల్లలు చేసినది చట్టం దృష్టిలో నేరమే కాదు. చిన్న పిల్లల్లో కుతూహలం మామూలే. వయసు తేడా, బలవంతం, రహస్యంగా ఉంచమనడం, వయసుకి మించిన పనుల్ని అనుకరించడం: ఈ నాలుగింట్లో ఏదున్నా అది కుతూహలం కాదు. ఆ పిల్లకి అది ఎవరు నేర్పారన్నది అప్పుడు అసలు ప్రశ్న అవుతుంది. ఏడు దాటి 18 లోపు వాళ్లయితే చెప్పే బాధ్యత మామూలుగానే ఉంటుంది. కేసు ముందు బాలల న్యాయ మండలికి వెళ్తుంది. ఇద్దరూ పిల్లలే, ఇద్దరికీ సాయం కావాలి. స్టాఫ్ రూమ్‌లో "ఆ వెధవ" అనే మాట వినపడకూడదు.

పలకాబలపం (టి.నగర్)

సంతకాలతో పరీక్ష అయిపోయిందనుకోవద్దు. పది ప్రశ్నల కార్డులు చేయండి, నోటితో అడగండి, చదవడం రానివాళ్లకి కూడా పనికొస్తుంది. కొన్ని నమూనాలు:

"నాలుగో తరగతి బాబు 'ఒక మాట చెప్తా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి' అన్నాడు. మీరేమంటారు?" ఒట్టు వేస్తానంటే తప్పు.

"సంగీతం సార్ ఒక పాపని రోజూ లంచ్‌లో గదికి పిలుస్తున్నారు. ఏదీ తప్పుగా కనిపించలేదు. ఏం చేస్తారు?" ఏమీ చేయననడం తప్పు. ఇలాంటి చిన్న అనుమానాల కోసం బడిలో ఒక నోట్‌బుక్ పెట్టి, అందులో రాయించాలి.

"కరస్పాండెంట్ గారి బంధువు గురించి పిల్ల చెప్పింది. ఎవరికి చెబుతారు?" రక్షణ బాధ్యురాలు కూడా వెనకాడితే 1098కి తనే చేస్తాననాలి. ఈ జవాబు రానివాళ్లకి మిగతా తొమ్మిదీ వచ్చినా శిక్షణ మళ్లీ మొదటి నుంచే.

ఆ నోట్‌బుక్ తాళం వేసిన బీరువాలో ఉండాలి, ఇద్దరి దగ్గరే తాళం. నెలకొకసారి ఇద్దరూ కలిసి చదవాలి. విడివిడిగా చూస్తే చిన్నవే. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే పేరు రాశారంటే మాత్రం నెలాఖరు దాకా ఆగకూడదు. తమ పేరు ఎవరైనా రాశారని తెలిస్తే కొత్తవాళ్లు భయపడతారు కాబట్టి, రాయడమంటే నేరం మోపడం కాదని మొదటి రోజే చెప్పండి.

నల్లబల్ల (అన్నానగర్)

అందరికీ కృతజ్ఞతలు. రెండు జట్లు, ఒక్కోదానికి 100 నిమిషాలు, బడి తెరవడానికి మూడు రోజుల ముందు పెడుతున్నాను. ఐడీ కార్డులు ఆ తర్వాతే. నంబర్ల కార్డు తెలుగు, తమిళం, ఇంగ్లీషులో అచ్చుకి ఇచ్చాను. ఒక్కటి మిగిలింది. ప్రసూతి సెలవుల్లో, డెంగీ రోజుల్లో మూడు రోజులకో వారానికో వచ్చే టీచర్లకి 100 నిమిషాలు కుదరదు. వాళ్లనేం చేయాలి?

గంటకొట్టే చోటు (ఆవడి)

వాళ్లకి 20 నిమిషాలు, ఒక పేజీ. ప్రార్థన గంటకి ముందు. ఆ పేజీలో నేర్పేవాటి కంటే చేయకూడనివే ఎక్కువ ఉండాలి: మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, ఒక్క పిల్లతో గదిలో ఉండటం, వ్యాన్ డ్యూటీ, ట్రిప్పులు, ఫొటోలు, ఇవేవీ వద్దు. పిల్ల ఏదైనా చెబితే వినే నాలుగు వాక్యాలు, వెంటనే వెళ్లాల్సిన గది నంబర్, ఫోన్ నంబర్లు. వేరే రంగు ఐడీ ట్యాగ్ ఇవ్వండి, ఆయమ్మలకీ వాచ్‌మన్‌కీ ఆ రంగుకి అర్థం తెలిసి ఉండాలి. పక్క తరగతి టీచర్ ఒకరు ఆ రోజుకి వాళ్లకి తోడు. ఆ పేరు కూడా పేజీ మీదే రాయండి. పది రోజులు దాటి ఉంటారని తెలిస్తే పూర్తి శిక్షణ అయ్యాకే పదకొండో రోజు.

మంచి సబ్‌స్టిట్యూట్‌ల జాబితా మే నెలలోనే తయారుచేసి, వెరిఫికేషన్, పాత బడికి ఫోన్, శిక్షణ అప్పుడే పూర్తి చేసి పెట్టుకోండి. అక్టోబర్ వానల్లో ఉదయం ఏడింటికి టీచర్ రాలేనని ఫోన్ చేసినప్పుడు, దొరికినవాళ్లని తీసుకోవాల్సిన అవసరం పడదు.